వంకాయ రంగు బూట్లు

“మా మామ పోయిండు సారూ” అని నిన్న పొద్దున భూపాలపల్లి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. నేను బడికి తయారవుతూ ఒక చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను.

“అయ్యో, ఎప్పుడు?”

“మొన్ననే. చిట్యాల కాడ మామ ఊర్లనే మన్ను చేసినం.”

“అరె, నాకు మొన్ననే చెప్పొద్దా?”

“అంతా అయినంకనే చెప్పుమన్నది అత్తమ్మ” అని ఫోన్ పెట్టేశాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఛీ, ఒక మనిషి పోతే హమ్మయ్య అనుకునే బతుకూ ఒక బతుకేనా? కానీ అనిపించింది అదే. ఇక ఆయన ఎదురుపడడు, నా మొహంలోకి చూడడు, చెప్పాల్సిన మాట చెప్పకుండానే గట్టెక్కాను అనుకున్నాను. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. పేరు పెట్టి గొప్పగా నాలుగు వాక్యాలు రాస్తే ఆయనకు కప్పినట్టు కప్పి ఆ శాలువా నేనే కప్పుకున్నట్టవుతుంది. ఆ పని ఇప్పటికే చాలామంది చావులకు చేసి ఉన్నాను.

జనగామలో ఆయన్ను బూట్ల కాక అనేవాళ్లు. బూట్లు అమ్మేవాడనుకునేరు, కాదు. తొడిగేవాడు. సర్కారు ఆఫీసుల్లో అటెండరుగా చేసి దిగిపోయిన మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కొద్దిగా వంగి ఉండేవాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెడని నల్ల ప్యాంటు, వాటి కింద ధగధగలాడే పాతకాలపు తోలు బూట్లు. ఇప్పటి రబ్బరు అడుగుల బూట్లు కావు. అడుగూ తోలే, మడమా తోలు పొరలే, చుట్టూ కంటికి కనపడే కుట్టు. కొన్నింటికి ముందు భాగంలో ముగ్గు పెట్టినట్టు సన్నని చిల్లులుండేవి. మడమలకు గుర్రపు లాడాల్లాంటి ఇనుప నాలు కొట్టించుకునేవాడు. స్టేషన్ రోడ్డు మీద ఆ టకటక వినపడితే చాయ్ హోటలతను తల ఎత్తకుండానే ఇంకో కప్పు కడిగేవాడు.

ఆ హోటల్లోనే నాకు పరిచయం. ఎదురు బెంచీ మీద కూర్చుని నా మొహం కాకుండా కాళ్లు చూస్తున్నాడు. నాకు చిరాకేసింది.

“ఏం కాకా, ఏం చూస్తున్నవ్?”

“బడి సారువా నువ్వు?”

“ఔ. ఎట్ల తెల్సింది?”

“ఎడమ చెప్పు మడమ బయటి దిక్కు అరిగింది. కుడిది మంచిగనే ఉన్నది. ఒక్క కాలు మీద బరువేసి గంటలకొద్ది నిలవడేది సార్లే. పోలీసోళ్లయితే రెండు అరుగుతయి.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “బోర్డు దిక్కు తక్కువ తిరుగుతవు నువ్వు. మాట్లాడుడే ఎక్కువ” అన్నాడు. రఘునాథపల్లి దగ్గర ఒక బళ్లో సోషల్ చెప్పేవాణ్ని. ఆయన అన్నది అక్షరాలా నిజం.

రైలు పట్టాల అవతల రెండు గదుల రేకుల ఇల్లు ఆయనది. ముందు గదిలో ఇనుప బీరువా ఉండేది. భార్య చీరలు దండెం మీద, బియ్యం మూట మంచం కింద, బీరువా నిండా బూట్లు. పదమూడు జతలు. ఒక్కో బూటులో కట్టెతో చెక్కిన పాదం పెట్టి ఉండేది. దాన్ని ఫర్మా అంటారు, తోలు ముడతలు పడకుండా ఉంటుందని చెప్పాడు. ఆదివారం ఆదివారం అన్నీ బయటికి తీసి, పాత బనీను గుడ్డతో పాలిష్ రాసి, నోటి ఆవిరి ఊది, తన మొహం కనపడేదాకా రుద్దేవాడు.

“సూడు సారూ, బూట్లకు బీరువా, నాకు దండెం” అని ఆమె నాకు చాయ్ ఇస్తూ అంది. “నేను సచ్చినంక నన్ను గూడ గా బీరువలనే వెట్టు. జర మెరుస్త.”

“నువ్వు వట్టవు తియ్యి” అన్నాడాయన.

ఆ జతలన్నీ చాలావరకు అఫ్సర్లవి. పేరుకు ఆఫీసు అటెండరే గానీ ఆయన జీతకాలమంతా అఫ్సర్ల బంగ్లాల్లోనే గడిచింది. కూరగాయలు తేవాలి, పిల్లల్ని బళ్లో దింపాలి, పొద్దున్నే బూట్లు తుడిచి గుమ్మం ముందు జతగా పెట్టాలి. బదిలీ అయిన అఫ్సరు సామాను కట్టేటప్పుడు పాతబడ్డ బూట్లను చూపించి “పారెయ్” అనేవాడు. ఈయన పారెయ్యలేదు. వాళ్ల నాన్న తోలుపని చేసిన మాదిగ. తోలు కుట్టే ఆరె పట్టడం, అడుగు కుట్టడం ఈయనకు చిన్నప్పుడే అబ్బింది. పగిలిన అడుగు తీసేసి కొత్తది వేసుకునేవాడు. హైదరాబాదు పోతే పాత సామాన్ల బజార్లో బూట్ల కుప్పల ముందు పూటంతా కూర్చుని, మంచి తోలు దొరికితే తెచ్చుకునేవాడు. ఆ జతలకు పేర్లు లేవు, హోదాలున్నాయి.

“గిది ఇంజినీరు. గిది తాసీల్దారు. గీ నల్లది పెద్ద డాక్టరు. ఈన సంతకం కోసం మంది పొద్దంత నిలవడేది. ఇప్పుడు నా కాలి కింద పడున్నడు.”

పొద్దున ఎదురైతే “ఇయ్యాల ఎవరు కాకా?” అని అడగడం మా అందరికీ అలవాటైపోయింది. “ఇయ్యాల తాసీల్దారు. జర పట్టేస్తుండు. ఉన్నప్పుడు గూడ గంతే” అనేవాడు. పగలబడి నవ్వేవాళ్లం. ఆయనది ఎనిమిదో నంబరు కాలు. పెద్ద జతలైతే ముందు దూది కుక్కేవాడు, చిన్నవైతే మడమలు పొక్కులెక్కినా అలాగే తొడిగేవాడు. ఇంత బాధెందుకు, విడవరాదా అంటే “నొప్పి వెడ్తెనే యాదికుంటది” అనేవాడు. ఏం యాదికుండాలో మేమెవరం అడగలేదు. నవ్వుకోవడానికి మాకు ఆయన చాలినంత దొరికాడు.

అఫ్సర్ల గురించి ఆయనకు తెలిసిందంతా బూట్ల అడుగుల నుంచే. ఒకసారి చెప్పాడు. “కరువు సాలు. పంట నష్టం రాసెటందుకు ఊర్లన్ని తిరిగొచ్చిన అని కాయితం మీద రాసిండు ఒకాయన. పొద్దుమాపు బూట్లు తుడిసేది నేను. అడుగుకు ఒక్క మట్టిపెల్ల లేదు సారూ. జీపు దిగలే. ఎవలకు చెప్పాలె? నా మాట ఎవలింటరు?” ఈ ముచ్చటను నేను తర్వాత ఎన్ని సభల్లో చెప్పానో! మైకు ముందు కాసేపు ఆగి మరీ చప్పట్లు కొట్టించుకున్నాను. ఎవరు చెప్పారన్నది మాత్రం ఏ ఒక్క సభలోనూ చెప్పలేదు.

బీరువా పై అరలో ఒంటరిగా ఒక జత ఉండేది. వంకాయ రంగు తోలు, చిల్లుల ముగ్గు, సన్నని లేసులు. దానికి హోదా పెట్టలేదు. ఏ అఫ్సరిది అని అడిగితే రెండుసార్లు మాట దాటేశాడు. మూడోసారి, ఆమె ఇంట్లో లేనప్పుడు చెప్పాడు.

మహబూబాబాద్‌లో, అంటే మా నోటి మానుకోటలో, పనిచేసిన రోజుల ముచ్చట. అఫ్సరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. ఈయన ‘గిట్ల’ అంటే చాలు, “ఏంటయ్యా ఆ భాష” అని వచ్చినవాళ్లందరి ముందూ మళ్లీ అనిపించి నవ్వేవాడట. పొద్దున్నే స్టూలు మీద కాలు పెట్టి లేసులు కట్టించుకునేవాడట. ఒక వానాకాలం చివర్లో కేసముద్రం మార్కెట్ యార్డు చూడ్డానికి పోయారు. తడిసిన పత్తి, ట్రాక్టర్లు తిరిగి మోకాలి లోతు బురద. అఫ్సరు జీపులోనే బూట్లు విప్పి ఈయన చేతికిచ్చి, తాను రబ్బరు చెప్పులేసుకుని దిగాడు. “తడిస్తే నీ సంగతి చెప్తా” అన్నాడు.

“ఒక చేతుల బూట్లు, ఒక చేతుల గొడుగు. గొడుగు నాకు వట్టుకుంటె బూట్లు తడుస్తయి. బూట్లకే వట్టిన. గంటసేపు. యార్డుల హమాలీలందరు నన్ను ఎరిగినోళ్లే. మా చిన్నమేనమామ గూడ ఉన్నడు. బస్త నెత్తి మీద వెట్టుకొని నన్ను సూసి, మొకం అటు తిప్పుకున్నడు.” అరలోని ఆ జతను కొద్దిగా సర్ది మళ్లీ అందుకున్నాడు. “మా బాపు ఊరందరికి చెప్పులు కుట్టిండు సారూ. దొర గడి ముంగటికెల్లి పోతె తన చెప్పులు తను చేతుల వట్టుకొని పోయెటోడు. నేను సదువుకున్న, సర్కారు నౌకరి తెచ్చుకున్న. నేను అఫ్సరు బూట్లు చేతుల వట్టుకున్న. ఏం ఫరకున్నది?”

అవే బూట్లు. అఫ్సరు బదిలీ మీద పోతూ వదిలేసిన వాటిని తెచ్చి, అడుగు మార్చి, నౌకరీ నుంచి దిగిపోయే రోజుదాకా దాచాడు. ఆ రోజు సన్మానానికి అవి తొడుక్కుని, స్టేజీ మెట్లకు నాలు తగిలి మోగేలా ఎక్కాడట. ఆ రోజు నుంచి ఒక ఒట్టు పెట్టుకున్నాడు. ఏ మనిషి ముందూ మర్యాద కోసం కాళ్లకున్నవి విడవడు. పెళ్లికి పోతే పందిరి బయట నిలబడే అక్షింతలు వేసి వచ్చేవాడు. చావుకు పోతే గేటు దగ్గరే నిలబడేవాడు. కొందరు పొగరన్నారు, కొందరు పిచ్చన్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఇంతలో ఉద్యమం అందుకుంది. సకల జనుల సమ్మె నాటికి జనగామ చౌరస్తాలో మా దీక్షా శిబిరం ఎన్నో రోజులుగా నడుస్తోంది. షామియానా, కట్టెల గద్దె, దాని మీద తెల్ల దుప్పటి, వెనక తెలంగాణ తల్లి పటం, పక్కన ప్రాణాలిచ్చిన పిల్లల ఫోటోలు. రోజుకో సంఘం నిరాహారంగా కూర్చునేది. ఒక రోజు వకీళ్లు, ఒక రోజు దర్జీలు, ఒక రోజు ఆటోవాళ్లు. పొద్దున దండలేసి కూర్చోబెట్టేవాళ్లం, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి లేపేవాడు. కమిటీకి కన్వీనరు రైసు మిల్లున్న ఒక పటేలు. కార్యదర్శిని నేను. మైకు ఎప్పుడూ నా చేతిలోనే.

కాక రోజూ వచ్చేవాడు. గద్దె ఎక్కాలంటే చెప్పులు విడవాలి గనుక రోడ్డు అంచునే నిలబడేవాడు. నినాదాలకు గొంతు కలిపేవాడు గానీ, పక్కకు పిలిచి అడిగితే వేరే మాట చెప్పేవాడు. “తెలంగాణ రావాలె సారూ. ఎందుకు రావద్దు? గా మానుకోట అఫ్సరు నా మాట మీద నవ్విండు. మనోళ్లు నవ్వరు. బూట్లు తుడువుమంటరు, గంతే.” నేను ఆయన భుజం తట్టి, రాష్ట్రం వస్తే అవన్నీ పోతాయి కాకా అన్నాను. అంత నమ్మకంగా ఎలా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రిటైరైన ఉద్యోగుల రోజు దగ్గరపడింది. “నన్ను గూడ రాసుకో. కూసుంట” అన్నాడు.

“మరి బూట్లు?”

“బూట్లతోనే.”

కన్వీనరు ఒప్పుకోలేదు. “తల్లి పటం ముంగట బూట్లతోనా? మతి ఉండే మాట్లాడుతున్నవా? రేపు పేపర్ల ఫోటో వస్తె ఏమంటరు? నువ్వు చెప్తె ఇంటడు గదా, పోయి చెప్పు” అని నన్ను పంపాడు. నేను కాక ఇంటికి పోయాను. మాట్లాడటమే కదా నా పని.

“మనిషి ముందు ఇడువనని గదా కాకా నీ ఒట్టు. తల్లి మనిషి కాదు గదా” అన్నాను.

లోపల్నుంచి ఆమె అంది, “వద్దు. కూసోకుంటె ఏమాయె?”

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. “జిందగంత నిలవడి సూసుడే అయింది. ఒక్క దినమన్న గద్దె మీద కూసుంట” అన్నాడు, నాతో కాదు, ఆమెతో. తర్వాత నా వైపు తిరిగాడు. “ఒక్క షర్తు సారూ. బయట కుప్పల ఇడువ. నీ చేతికిస్త. మల్ల నువ్వే నా చేతికియ్యాలె.”

“నా పానం లెక్క చూసుకుంట కాకా.”

“పానమెందుకు? బూట్లు బూట్ల లెక్క చూసుకో.”

దీక్ష రోజు పొద్దున వంకాయ రంగు జత తొడుక్కుని వచ్చాడు. గద్దె ముందు ఒక కాలు మీద నిలబడి, వంగి, లేసులు తనే విప్పి, రెండు బూట్లూ నా చేతిలో పెట్టాడు. మేజోళ్ల మీద తెల్ల దుప్పటి తొక్కుతూ జాగ్రత్తగా నడిచి పోయి, తల్లికి దండం పెట్టి, వరసలో చివర కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండ వేశారు. అంత సంతోషంగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. నేను బూట్లను నా టేబుల్ కింద పెట్టుకున్నాను.

గంట తర్వాత కన్వీనరు వచ్చాడు. టేబుల్ కింద చూసి మొహం చిట్లించాడు. “ఈడ బూట్లేంది? పటం పక్కపొంట!” నేను గబుక్కున వాటిని తీసుకుపోయి షామియానా వెనక నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టాను. ఒక్క నిమిషం అని పెట్టాను. అంతకు ముందు రోజు ఊరేగింపు మీద పోలీసులు లాఠీలెత్తినప్పుడు జనం వదిలి పరిగెత్తిన చెప్పులు రోడ్డు నిండా పడితే, ఊడ్చి ఆ డ్రమ్ము దగ్గరే కుప్ప పోశారు. నా కంటికి ఆ కుప్ప కనపడింది. కనపడినా ఏమీ తోచలేదు.

ఆ రోజే ఎవరో మంత్రి రాష్ట్రం ఊసెత్తొద్దన్నట్టు ఏదో వాగాడు. కాలేజీ పిల్లలు దిష్టిబొమ్మ తయారుచేస్తున్నారు. గడ్డి ఒళ్లు, కుండ తల, పాత చొక్కా, మెడలో చెప్పుల దండ. దిష్టిబొమ్మకు చెప్పుల దండ వేసి శవయాత్ర చేసి చౌరస్తాలో తగలబెట్టడం మాకు అప్పుడు వారానికోసారి పండగ. నేను పత్రికలకు ప్రకటన రాస్తుంటే ఒకడొచ్చి అడిగాడు.

“సార్, దండకు చెప్పులు తక్కువ వడ్తున్నయి.”

తల ఎత్తలేదు. “డ్రమ్ము కాడ కుప్ప ఉన్నది, ఏరుకోండ్రి” అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

మిట్టమధ్యాహ్నం డప్పులతో శవయాత్ర శిబిరం ముందుకొచ్చింది. టీవీవాళ్లు కెమెరాలు పెట్టారు. నేను మైకు పట్టుకుని ముందు నిలబడ్డాను. దిష్టిబొమ్మను ఎత్తి పట్టారు. చెప్పుల దండ నడుమ, సరిగ్గా రొమ్ము మీద, పతకం వేలాడదీసినట్టు రెండు వంకాయ రంగు బూట్లు. పిల్లలకు మంచివి దొరికాయని నడుమ కట్టారు. ఎండకు మెరుస్తున్నాయి. రాత్రంతా ఆయన రుద్దిన పాలిష్ అది.

కన్వీనరు అగ్గిపుల్ల గీస్తున్నాడు. “ఆగుండ్రి” అని ఒక్క మాటంటే చాలు. మైకు నా చేతిలోనే ఉంది. ఊరంతా వినేది. మరి ఎందుకనలేదు? కెమెరాలున్నాయనా, కన్వీనరు కోప్పడతాడనా, ఉద్యమం నవ్వులపాలవుతుందనా? ఇన్నేళ్లూ ఈ మూడు కారణాలూ మార్చి మార్చి చెప్పుకున్నాను. అసలుది ఇవేవీ కాదు. పాత బూట్లే గదా అనుకున్నాను. ఆయన కథంతా విని, ఆయన ఇంట్లో చాయ్ తాగి, ఆయన ముచ్చట్లతో చప్పట్లు కొట్టించుకుని కూడా, ఆ క్షణంలో పాత బూట్లే గదా అనుకున్నాను. మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుని “డౌన్ డౌన్” అని అరిచాను. గడ్డి భగ్గుమంది. తోలు కాలిన వాసన షామియానాలోకి వచ్చింది. గద్దె వైపు నేను చూడలేదు. మధ్యలో అంత జనం ఉన్నారు, ఆయనకేం కనపడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం కన్వీనరు నిమ్మరసం ఇవ్వడానికి గద్దె ఎక్కాడు. కాళ్లకు తెల్ల బూట్లున్నాయి. తల్లి పటం ముందు, తెల్ల దుప్పటి మీద, బూట్లతోనే ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తూ ఫోటోలు దిగాడు. అందరం చూశాం, ఎవరం కిక్కురుమనలేదు. కాక గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా పక్కన పెట్టాడు. దిగి నా దగ్గరకొచ్చాడు.

“సారూ, నా బూట్లు?”

“ఏం చెప్పాలె కాకా... ఎవడో ఎత్తుకపోయిండు. పొద్దటిసంది వెతుకుతనే ఉన్న. దొరకలే.”

నా మొహంలోకే చూశాడు. చాలాసేపు చూశాడు. “గట్లనా” అన్నాడు.

“నా చెప్పులేసుకపో కాకా, పొద్దంత ఎండకు రోడ్డింక కాలుతనే ఉన్నది.”

“నీ నంబరు నాకు పట్టదు” అని మేజోళ్లు విప్పి జేబులో పెట్టుకుని, బంతిపూల దండ మెడలో అలాగే ఉండగా వట్టి కాళ్లతో స్టేషన్ రోడ్డు వైపు నడిచిపోయాడు. ఆ రోజు చాయ్ హోటలతనికి ఆయన వచ్చిన సంగతే తెలియలేదట.

మర్నాటి నుంచి రబ్బరు చెప్పులతో వచ్చాడు. రాస్తారోకోకు వచ్చాడు, రోడ్డు మీద వంటావార్పుకు వచ్చి కట్టెలు మోశాడు. గద్దె దగ్గరకు మాత్రం రాలేదు. “బూట్ల కాక మారిండు, మనలెక్కనే అయిండు” అని మావాళ్లు మెచ్చుకున్నారు. నేనూ తలూపాను. నాకన్నా పచ్చి మోసగాడు ఆ చౌరస్తాలో ఇంకెవడున్నాడు?

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, ఎగిరాం. కన్వీనరుకు పదవొచ్చింది. నాకు శాలువాలొచ్చాయి, ఉద్యమంలో పాలు పంచుకున్న ఉపాధ్యాయుడని. జిల్లాలు పెరిగాయి. భూపాలపల్లి కూడా జిల్లా అయితే ఆయన అల్లుడికి అక్కడ ఒక ఆఫీసులో కాంట్రాక్టు అటెండరు పని దొరికింది. శుభవార్తేగా అని ఒక ఆదివారం కాక ఇంటికి పోయాను. బీరువా తెరిచి ఉంది. నేల మీద పన్నెండు జతలు పరిచి పాలిష్ చేస్తున్నాడు. తొడగడం మానేశాడు, తుడవడం మానలేదు.

“అల్లుడు ఎట్లున్నడు కాకా?”

“మంచిగున్నడు. బంగ్లా డ్యూటీ ఏసిండ్రట” అన్నాడు, బూటు మీద నుంచి కళ్లెత్తకుండా.

ఆ రోజు చెప్పేద్దామనే పోయాను. నిజంగా ఆ ఉద్దేశంతోనే పోయాను. గంట కూర్చుని ఎండల గురించి, పింఛన్ల గురించి, ఆయన మోకాలి నొప్పికి దవాఖాన గురించి మాట్లాడి లేచి వచ్చాను. అలా ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు జరిగింది. పోయిన ప్రతిసారీ ఆయన గుమ్మందాకా వచ్చి, నేను చెప్పులేసుకునేదాకా నిలబడేవాడు. ఇంకేమైనా చెప్తావా అన్నట్టు చూసేవాడు. నేను “మల్లొస్త కాకా” అనేవాణ్ని. తర్వాత వాళ్లు జనగామ ఇల్లు ఖాళీ చేసి చిట్యాల దగ్గరి సొంతూరికి పోయారు. నేనిక పోలేదు.

నిన్న ఫోన్ వచ్చాక బడికి సెలవు పెట్టి పోయాను. బస్సు దిగి, ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి పొద్దెక్కింది. కాక భార్య వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమని చాప చూపించింది. అంతా ఆమే చెప్పింది, రెండు రోజులు జ్వరమని, మూడో రోజు మాట పడిపోయిందని.

“నాకు ముందే చెప్తె వచ్చెటోన్ని గదా అవ్వా” అన్నాను.

“ఆయిననే వద్దన్నడు సారూ. మాట పడిపోకముందు చెప్పిండు. సారు వస్తె నా మీద నాలుగు మాటలు మాట్లాడుతడు, గది నాకొద్దు, మన్నేసినంకనే చెప్పుండ్రి అన్నడు.”

ఇక దాచడానికి ఏం మిగిలిందని? “అవ్వా, ఒక మాట చెప్పాలె నీకు. ఆ దినం దీక్షల బూట్లు ఎవడో ఎత్తుకపోయిండని కాకకు చెప్పిన గదా...”

“ఎరుకే” అంది.

“ఏం ఎరుక?”

“కాలవెట్టిన ముచ్చట. గద్దె మీదికెల్లి అంత కనవడదా సారూ? బొమ్మ మెడల బూట్లు కానంగనే లేవబోయిండట. నువ్వు మైకు వట్టుకొని గటే చూస్తున్నవట. సారు సూసిండు, ఇగ ఆపుతడు అని మల్ల కూసున్నడట. నువ్వు ఇంకింత జోరుగ ఒర్రినవట.”

“మరి పొద్దుమాపు నా దగ్గరికొచ్చి బూట్లేవి అని అడిగిండు గదా.”

“అప్పుడన్న చెప్తవేమో అని అడిగిండు.”

ఆమె గొంతులో కోపం లేదు. తిడితే బాగుండు, చీపురు తిరగేస్తే ఇంకా బాగుండు అనిపించింది. ఎన్నోసార్లు ఇంటికొచ్చాను కదా, ఆ తర్వాత ఒక్కసారైనా ఎందుకడగలేదు అన్నాను.

“నేను గూడ అన్న, అడుగరాదు అని” అంది ఆమె. “‘అడిగితె సారు మల్లొక అబద్ధం ఆడాలె. పోరగాండ్లకు పాఠం చెప్పేటోడు, ఎన్నని ఆడుతడు, పాపం’ అన్నడు.”